1943 నాటికి తెలియనిదేమీ లేదు: గలీషియా డివిజన్ గురించి

2022 ఫిబ్రవరి తరువాత తెలుగు సామాజిక మాధ్యమాల్లో ఉక్రెయిన్ గురించి సాగిన వాదోపవాదాల్లో ఒక పాత ఫొటో తరచుగా తిరిగింది. జర్మన్ సైనిక దుస్తుల్లో వరుసగా నిలబడిన ఉక్రేనియన్ యువకులు, దాని కింద ‘వీళ్లు ఎప్పటినుంచో నాజీలే’ అన్న వ్యాఖ్య. దానికి జవాబు కూడా వెంటనే వచ్చేది: ‘వాళ్లు తమ దేశ స్వాతంత్ర్యం కోసం జర్మనీ సాయం తీసుకున్నారు, మన నేతాజీ చేసిందీ అదే కదా!’ ఈ రెండు మాటల్లో ఏదీ నాకు మింగుడుపడదు. మొదటిది కొన్ని వేలమంది చేసిన పనిని కోట్లమంది నెత్తిన రుద్దుతుంది. రెండవది నేతాజీ మీద మనకున్న గౌరవాన్ని అడ్డుపెట్టుకుని, అడగవలసిన ప్రశ్నను అడగనివ్వకుండా చేస్తుంది.

ఒక సైనికుడు ఏ ఆశయంతో సైన్యంలో చేరాడన్నది తెలుసుకోవలసిన విషయమే గాని, అతణ్ణి తూచడానికి అది చాలదు. ఆశయం ఎవరికి వారు చెప్పుకునేది, ఓడిపోయాక తీరిగ్గా దిద్దుకోవడానికి కూడా వీలున్నది. అతను చేరిన రోజున అతని కళ్లముందు ఏం జరిగిపోయి ఉంది, తాను ఎవరి చేతికి బలమవుతున్నాడో అతనికి ఎంతవరకు తెలుసు అన్నవి అలా దిద్దుకోవడానికి వీల్లేనివి. రెండవ ప్రపంచయుద్ధం చివరి రెండేళ్లలో జర్మనీ పక్షాన పోరాడిన ఉక్రేనియన్ దళాల్లో అతి పెద్దదైన గలీషియా డివిజన్ విషయంలో ఈ ప్రశ్నకు తేదీలే సమాధానం చెబుతాయి.

గలీషియా అంటే స్థూలంగా ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్‌లోని ల్వీవ్, టెర్నోపిల్, ఇవానో ఫ్రాంకివ్‌స్క్ ప్రాంతాలు. (వైద్యవిద్యకు వెళ్లిన మన పిల్లల పుణ్యమా అని ఈ పేర్లు ఇప్పుడు మన ఊళ్లలో కూడా వినబడుతున్నాయి.) 1772 నుంచి 1918 దాకా అది ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది. ఆ సామ్రాజ్యం కూలిన 1918 నవంబరులో అక్కడి ఉక్రేనియన్లు పశ్చిమ ఉక్రేనియన్ ప్రజా రిపబ్లిక్‌ను ప్రకటించుకుని, ఎనిమిది నెలలకు పైగా పోలండ్‌తో యుద్ధం చేసి ఓడిపోయారు. తరువాత ఇరవయ్యేళ్ల పోలండ్ పాలనలో వారి బడులు తగ్గిపోయాయి, 1930లో ‘శాంతిస్థాపన’ పేరుతో వారి గ్రామాల మీద పోలీసులూ సైన్యమూ దాడులు చేశారు. 1939 సెప్టెంబరులో హిట్లర్, స్టాలిన్ పోలండ్‌ను పంచుకున్నప్పుడు ఎర్రసైన్యం వచ్చింది, దాని వెనుక అరెస్టులూ, సైబీరియాకూ కజకిస్థాన్‌కూ ప్రవాసాలూ వచ్చాయి. 1941 జూన్‌లో జర్మన్ల ముందు వెనక్కి తగ్గుతూ సోవియట్ రహస్య పోలీసులు ల్వీవ్ జైళ్లలోని ఖైదీలను వేల సంఖ్యలో కాల్చి చంపి వెళ్లిపోయారు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిన ప్రాంతం అది. అక్కడి యువకుడికి సోవియట్ పాలన మీద ఉన్న కసి ఎవరో నూరిపోస్తే వచ్చినది కాదు. జైలు ముంగిట్లో పడుకోబెట్టిన శవాల మధ్య సొంతవాళ్లను వెతుక్కున్న కుటుంబాల కసి అది. ఇంత చెప్పాక, అదే వారంలో ఆ హత్యల నేరాన్ని యూదుల మీదికి నెట్టి, జర్మన్ల ప్రోత్సాహంతో స్థానిక గుంపులూ, కొత్తగా ఏర్పడ్డ ఉక్రేనియన్ మిలీషియా కలిసి ల్వీవ్ వీధుల్లో యూదులను కొట్టి, అవమానించి, చంపారని కూడా చెప్పకపోతే అది సగం చరిత్రే అవుతుంది.

డివిజన్ ఏర్పాటు వెనుక ఉన్న ఉక్రేనియన్ నాయకుల లెక్క కూడా 1918 నాటిదే. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా సైన్యంలో భాగంగా ‘సిచ్ రైఫిల్‌మెన్’ అనే ఉక్రేనియన్ పటాలం ఉండేది. సామ్రాజ్యం కుప్పకూలినప్పుడు సొంత సైన్యానికి పునాదిగా నిలిచింది ఆ పటాలంలో ఆరితేరినవారే. జర్మనీ, రష్యా ఈసారి కూడా ఒకదాన్ని ఒకటి అరగదీసుకుని పడిపోతాయనీ, ఆనాడు చేతిలో శిక్షణ పొందిన సైన్యం ఉన్నవాడిదే రాజ్యమనీ జర్మన్ ఆక్రమిత పోలండ్‌లోని క్రాకోలో జర్మన్ల అనుమతితో నడిచిన ఉక్రేనియన్ కేంద్ర సంఘం అధ్యక్షుడు, భూగోళ శాస్త్రజ్ఞుడు వొలోదిమిర్ కుబియోవిచ్ తదితరులు నమ్మారు. అప్పటికి మెల్నిక్, బండేరా అనే ఇద్దరు నాయకుల కింద రెండుగా చీలిన ఉక్రేనియన్ జాతీయవాదుల్లో మెల్నిక్ వర్గం దీన్ని సమర్థించింది. బండేరా వర్గం మాత్రం యువకులు జర్మన్ల కోసం చావడానికి పోతున్నారని మొదట్లో వ్యతిరేకించింది. అంటే ఈ లెక్క తప్పని ఆనాడే, ఆ గడ్డ మీదే, కరడుగట్టిన జాతీయవాదుల్లోనే చెప్పినవారు ఉన్నారు. ‘వారికి వేరే దారి తోచలేదు’ అనే వాదనను అందుకే నేను పూర్తిగా ఒప్పుకోలేను.

జర్మన్ల లెక్క ఇంకా సులువైనది. 1943 ఫిబ్రవరిలో స్టాలిన్‌గ్రాడ్‌లో ఒక సైన్యమే పోయింది, మనుషులు కావాలి. ఉక్రేనియన్లు, రష్యన్ల వంటి స్లావులు హీనజాతి అని అంతవరకు బోధించిన హిమ్లర్, నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్ఎస్ అధిపతి, కొత్త సిద్ధాంతం అల్లుకోవలసి వచ్చింది. గలీషియా ఒకప్పుడు ఆస్ట్రియాది కనుక అక్కడివాళ్లు మిగతా ఉక్రేనియన్లకన్నా మెరుగన్నది ఆ సిద్ధాంతం. 1943 ఏప్రిల్ 28న గలీషియా జిల్లా గవర్నర్ ఓటో వెఖ్టర్ ల్వీవ్‌లో డివిజన్ ఏర్పాటును ప్రకటించాడు. కొద్ది వారాల్లో 80,000 మంది దాకా పేర్లు నమోదు చేయించుకున్నారు. వారిలో శిక్షణకు వెళ్లినవారు చాలా తక్కువమంది. అది ఎస్ఎస్ డివిజన్ అన్నది చిన్న వివరం కాదు: జర్మన్ దేశ సైన్యం వేరు, హిమ్లర్ చేతికింది ఎస్ఎస్ వేరు, మరణశిబిరాలను నడిపినది ఆ రెండవదే.

ఆ దుస్తుల మీది గుర్తును ఒకసారి దగ్గరగా చూడాలి. భుజం మీద నీలిరంగు కవచంలో వెనుకకాళ్ల మీద లేచి నిలబడిన బంగారు సింహం, దాని పక్కన మూడు కిరీటాలు. మెడపట్టీ మీద మిగతా ఎస్ఎస్ దళాలకు ఉండే రెండు మెరుపుగీతల బదులు మళ్లీ సింహమే. సింహం గలీషియాది. మొత్తం ఉక్రెయిన్‌కు చిహ్నమైన త్రిశూలానికి అక్కడ చోటు లేదు. డివిజన్ పేరులో ‘ఉక్రేనియన్’ అన్న మాట రాకూడదని, ‘గలీషియన్’ అనే అనాలని 1943 జూలైలో హిమ్లర్ ఆదేశించాడు. మొదటి నుంచీ అధిపతులు జర్మన్లే, వారిలో ఎక్కువకాలం ఉన్న ఫ్రిట్జ్ ఫ్రైటాగ్‌కు కింది సైనికుల మీద నమ్మకం లేదని డివిజన్ మాజీ సైనికులే రాసుకున్నారు. ప్రమాణం చేసినది బోల్షెవిజం మీది పోరులో జర్మన్ సైన్యాల సర్వాధిపతి అడాల్ఫ్ హిట్లర్ పట్ల విధేయతకు. తమ దేశం పేరును కూడా పలకనివ్వని సైన్యంలో ఉండి ఆ దేశాన్ని నిర్మిస్తామనుకోవడం ఎంత ఆశ!

తెలిసినదెంత అన్న ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. యుద్ధానికి ముందు ల్వీవ్ జనాభాలో దాదాపు మూడోవంతు యూదులు, లక్షకు పైగా ఉండేవారు. 1942 మార్చిలో ల్వీవ్‌కు వాయవ్యంగా ఉన్న బెల్జెట్స్ అనే చోట మరణశిబిరం తెరుచుకుంది. ఆ ఏడాది డిసెంబరులో గ్యాస్ గదులు ఆగే సమయానికి అక్కడ నాలుగు లక్షలకు పైగా యూదులను చంపారు. గలీషియా ఊళ్ల నుంచి నిండుగా వెళ్లిన గూడ్సు పెట్టెలు ఖాళీగా తిరిగివచ్చేవి. ఒక్క 1942 ఆగస్టులోనే ల్వీవ్ నుంచి నలభై వేల మందికి పైగా తరలిపోయారు. రైలు మార్గం పక్కనున్న రావా రుస్కా పట్టణవాసులకు ఆ వాసన ఏమిటో తెలుసు. ల్వీవ్ అంచునే యానోవ్‌స్కా శిబిరం, దాని వెనుక ఇసుక లోయల్లో కాల్పులు. చిన్న పట్టణాల్లోనయితే రైలు కూడా అవసరం లేకపోయింది. ఊరి బయట గోతులు తవ్వించి కాల్చారు, చుట్టూ కాపలా కాసినవారిలో ఉక్రేనియన్ సహాయక పోలీసులూ ఉన్నారు. యూదులను బంధించి ఉంచిన ల్వీవ్ ఘెట్టోను పూర్తిగా తుడిచిపెట్టినది 1943 జూన్‌లో. తొలి వాలంటీర్లు పూలదండల మధ్య అదే నగరంలో కవాతు చేసి శిక్షణకు బయలుదేరినది 1943 జూలైలో. ఆ రెండింటికీ మధ్య ఉన్నది ఒక నెల. పొరుగువీధి మనుషులు లేకుండా పోయారని ఆ కవాతులో నడిచిన ఏ ల్వీవ్ కుర్రవాడికి తెలియదు?

తెలుసుననడానికి అందరికన్నా పెద్ద సాక్షి, గలీషియా ఉక్రేనియన్లలో ఎక్కువమంది అనుసరించే గ్రీకు కాథలిక్ చర్చికి అధిపతి (మెట్రోపాలిటన్) ఆంద్రే షెప్టిట్స్కీ. ఈ వృద్ధుడి గురించి చదివినప్పుడల్లా నా తీర్పులు కాస్త తడబడతాయి. 1941లో జర్మన్లకు స్వాగతం పలికినవాడే 1942 ఫిబ్రవరిలో, ఉక్రేనియన్ పోలీసులను యూదుల హత్యలకు వాడుకోవడాన్ని నిరసిస్తూ హిమ్లర్‌కే ఉత్తరం రాశాడు. అదే ఏడాది ఆగస్టులో పోప్‌కు రాసిన లేఖలో జర్మన్ పాలన బోల్షెవిక్ పాలనకన్నా ఎక్కువ పైశాచికమని చెప్పాడు. నవంబరులో ‘చంపకూడదు’ అనే ఆజ్ఞ మీద గురులేఖ వెలువరించాడు. మఠాల్లోనూ తన నివాసంలోనూ యూదులను దాచి నూటికి పైగా ప్రాణాలు కాపాడాడు. దాక్కున్నవారిలో ల్వీవ్ రబ్బీ (యూదు మతగురువు) డేవిడ్ కహానే ఒకరు. అదే షెప్టిట్స్కీ 1943లో డివిజన్‌కు పురోహితులను పంపడానికి ఒప్పుకున్నాడు. ప్రారంభ దినాన ఆయన ప్రధాన ఆలయమైన సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లోనే పూజ జరిగింది. ఒక అంతస్తులో రబ్బీని దాచిన ఇల్లే ఎస్ఎస్ డివిజన్‌కు ఆశీస్సులు అందించింది. జర్మన్లు ఎలాగూ ఓడిపోతారు, ఆపైన అరాచకం వస్తుంది, అప్పటికి కుర్రవాళ్లు ఒక కట్టులో ఉండటం మేలనుకున్నాడని ఆయన పక్షాన చెబుతారు. కావచ్చు. ఆ ప్రాంతంలో ఆయనకన్నా ఎక్కువ ధైర్యం చూపిన మతాధిపతి నాకు తెలియదు. కాని అంత స్పష్టంగా చూసిన మనిషి ఆ సైన్యానికి గురువులను పంపినందువల్ల సైన్యం పవిత్రం కాలేదు. ఎవరికీ తెలియదనే సాకు మాత్రం పోయింది.

డివిజన్ సమర్థకులు గట్టిగా పట్టుకునే వాదన ఒకటుంది: ఇది యుద్ధరంగ సైన్యమనీ, యూదుల హత్యాకాండ దాదాపు ముగిశాక పుట్టిందనీ, దాని మీద నేరాలేవీ రుజువు కాలేదనీ. ఇందులో కొంత నిజముంది. కాని 1944 ఫిబ్రవరి 28న హూతా పెన్యాట్స్కా అనే పోలిష్ గ్రామంలో జరిగినదాన్ని ఈ వాదన తప్పించుకుని పోతుంది. ఆ ఊరిని చుట్టుముట్టి, జనాన్ని చర్చిలో పోగుచేసి, అక్కడి నుంచి గుంపులు గుంపులుగా కొట్టాల్లోకి తోలి నిప్పు పెట్టారు. మృతుల లెక్క 500 నుంచి 1,000 దాకా రకరకాలుగా చెబుతారు. చేసినది డివిజన్ కోసం నమోదైన వాలంటీర్లతో ఏర్పరచిన 4వ గలీషియన్ ఎస్ఎస్ రెజిమెంటు అని పోలండ్ జాతీయ స్మృతి సంస్థ దర్యాప్తు తేల్చింది. ఆ రెజిమెంటు అప్పటికి జర్మన్ పోలీసుల ఆజ్ఞలో ఉంది, డివిజన్‌లో పూర్తిగా కలిసినది తరువాత కదా అని సమర్థకులు అంటారు. కాగితం మీద అది సరైన మాటే. ఆ రెజిమెంటు మనుషులు తరువాత ఆ డివిజన్‌లోకే వచ్చారన్నది కూడా కాగితం మీదే ఉంది.

1944 మే నెలలో సైలీషియాలోని నాయ్‌హామర్ శిక్షణ శిబిరంలో హిమ్లర్ డివిజన్ అధికారులతో మాట్లాడుతూ, యూదులు పోయాక మీ నేల మరింత అందంగా తయారైంది, అది మా చొరవతోనే జరిగింది అన్న అర్థం వచ్చే మాటలన్నాడు. వినేవారిలో ఎందరు లోలోపల అసహ్యించుకున్నారో చెప్పలేం. ఆ మాటలు ఎవరి ముందు అనవచ్చో హిమ్లర్‌కు మాత్రం సందేహం లేదు.

జూలైలో ల్వీవ్‌కు తూర్పున ఉన్న బ్రొడీ దగ్గర డివిజన్ తన ఒకే ఒక పెద్ద యుద్ధం చేసింది. సోవియట్ సైన్య సమూహం ‘మొదటి ఉక్రేనియన్ ఫ్రంట్’ జర్మన్ 13వ కోర్‌ను చుట్టుముట్టినప్పుడు లోపల చిక్కుకున్న సుమారు 11,000 మందిలో బయటపడి తిరిగి చేరినవారు 3,000 మంది. ఫ్రంట్ పేర్లు ప్రాంతాన్ని బట్టి పెట్టినవే అయినా, ఎర్రసైన్యంలో ఉక్రేనియన్లు అరవై లక్షలకు తక్కువ కాదని సాధారణంగా చెప్పే అంచనా. కాబట్టి బ్రొడీలో సింహం గుర్తువాళ్ల మీదికి వచ్చినవారిలో ఉక్రేనియన్లు తప్పకుండా ఉన్నారు. ఆ వలయాన్ని బిగించిన దళాల్లో ఒకటైన 60వ సైన్యమే, ఆరు నెలలు గడిచాక, 1945 జనవరి 27న ఆష్‌విట్జ్ శిబిరాన్ని విడిపించింది. ‘వీళ్లు ఎప్పటినుంచో నాజీలే’ అనే ఫొటో వ్యాఖ్యకు ఇంతకు మించిన జవాబు అక్కరలేదు.

బ్రొడీ తరువాత డివిజన్‌ను మళ్లీ నింపారు. ఈసారి బలవంతంగా చేర్చుకున్నవారు కూడా ఉన్నారు, వారిని 1943 నాటి వాలంటీర్లతో ఒకే గాటన కట్టకూడదు. తూర్పున బోల్షెవిక్‌ల మీద మాత్రమే పోరాడతామన్న తొలినాటి షరతు సంగతి ఇక ఎవరికీ పట్టలేదు. 1944 శరదృతువులో స్లొవాకియా జాతీయ తిరుగుబాటును అణచడానికి పంపారు, 1945 ఆరంభంలో స్లొవేనియాలో జర్మన్ ఆక్రమణను ఎదిరించే గెరిల్లాలైన పార్టిజాన్‌ల మీదికి తోలారు. తమ నేల విముక్తికని బయలుదేరినవారు మరో రెండు చిన్న జాతుల విముక్తి పోరాటాల మీద తుపాకులు ఎక్కుపెట్టారు.

చివరి అంకం దాదాపు ప్రహసనం. 1945 మార్చి 23 నాటి సమావేశంలో, తనకు ఒక ఉక్రేనియన్ ఎస్ఎస్ డివిజన్ ఉందని తెలిసి హిట్లర్ ఆశ్చర్యపోయాడు, దాని గురించి తనకేమీ తెలియదన్నాడు. ఈ మాటలు స్టెనోగ్రాఫర్ల రికార్డులో ఉన్నాయి. పాలకుడికే తెలియని సైన్యం ద్వారా ఆ పాలకుడి నుంచి రాజ్యం సంపాదించాలనుకున్నారన్నమాట! ఆ నెలలోనే బెర్లిన్ ఒక ఉక్రేనియన్ జాతీయ సంఘాన్ని గుర్తించి, జనరల్ పావ్లో షాంద్రుక్ నాయకత్వంలో ‘ఉక్రేనియన్ జాతీయ సైన్యం’ ఏర్పాటుకు ఒప్పుకుంది. ఏప్రిల్ చివర ఆస్ట్రియాలో డివిజన్ హిట్లర్‌కు బదులు ఉక్రెయిన్‌కు ప్రమాణం చేసి, ఆ సైన్యపు మొదటి డివిజన్‌గా పేరు మార్చుకుంది. త్రిశూలం అప్పుడు దక్కింది. యుద్ధం ముగియడానికి రెండు వారాల ముందు చేసిన ఈ ప్రమాణాన్ని కొందరు మొత్తం కథకు ముద్రగా చూపుతారు. నాకది మునిగే పడవ మీద పేరు మార్చి రాయడంలా కనబడుతుంది.

బ్రిటిష్ వారికి లొంగిపోయాక వారిని ఇటలీలోని రిమినీ శిబిరానికి చేర్చారు. (రిమినీ దగ్గర ఉన్న గూర్ఖా యుద్ధశ్మశానం, ఆ తీరంలో 1944లో జర్మన్లతో పోరాడి చనిపోయిన భారత సైన్యపు మనుషులది.) మిత్రరాజ్యాల మధ్య కుదిరిన యాల్టా ఒప్పందం ప్రకారం సోవియట్ పౌరులను స్టాలిన్‌కు అప్పగించాలి. అదే ఆస్ట్రియాలో లియెంజ్ దగ్గర లొంగిపోయిన, జర్మన్ల పక్షాన పోరాడిన కొసాక్‌లను బ్రిటిష్ సైన్యం 1945 జూన్‌లో లాఠీలతో కొట్టి మరీ అప్పగించింది. గలీషియావారిని వదిలేయడానికి కారణం, 1939 సెప్టెంబరు 1 నాటికి వారు పోలండ్ పౌరులు కావడం. ఏ పోలండ్ పాలన నుంచి బయటపడాలని ఒక తరమంతా తపించిందో ఆ పౌరసత్వమే ప్రాణం నిలిపింది. 1947లో ఎనిమిది వేలమందిని పొలం పనులకు బ్రిటన్ తీసుకెళ్లారు. అంతమందిలో ఎవరేం చేశారో ఒక్కొక్కరినీ విచారించినవారు లేరు, పైపైన కొందరిని మాత్రం ప్రశ్నించారు. 1950లో కెనడా వారిని రానివ్వడానికి నిర్ణయించింది.

మళ్లీ నేతాజీ దగ్గరికి. పోలిక అసంబద్ధం కాదు, అందుకే దాన్ని గౌరవంగా తీసుకోవాలి. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారత యుద్ధఖైదీలతో బోస్ జర్మనీలో నిర్మించిన ఇండియన్ లీజియన్‌లో మూడు వేలమంది దాకా ఉండేవారు. వారి ప్రమాణంలో కూడా హిట్లర్ పేరుంది, భారత స్వాతంత్ర్యపోరు నాయకుడిగా బోస్ పేరుతో పాటు. మన హైదరాబాదువాడు ఆబిద్ హసన్, ‘జై హింద్’ నినాదాన్ని ఇచ్చినవాడు, బెర్లిన్‌లో బోస్ కార్యదర్శి. 1943 ఫిబ్రవరిలో ఆయనతో పాటు జర్మన్ జలాంతర్గామిలో బయలుదేరి, మడగాస్కర్ సమీపాన జపాన్ జలాంతర్గామిలోకి మారాడు. అది జరిగినది వెఖ్టర్ ల్వీవ్‌లో ప్రకటన చేసిన వారంలోనే. బోస్ వెళ్లిపోయాక లీజియన్ అనాథగా ఫ్రాన్స్ తీరంలో కాపలా కాసింది. 1944 ఆగస్టులో దాన్ని కూడా ఎస్ఎస్ కిందికి మార్చారు, వెనక్కి తగ్గుతున్నప్పుడు దాని మీద దోపిడీ, అత్యాచార ఆరోపణలు వచ్చాయి.

నేను పట్టిన కొలత ఇక్కడా పట్టాలి. ముళ్లకంచెల వెనుక ఉన్న సిపాయికి యూరప్‌లో ఏం జరుగుతోందో ఎంత తెలుసు? చాలా తక్కువ. ఎస్ఎస్‌లోకి మారడం అతను కోరుకున్నదా? కాదు. బెర్లిన్‌లో 1941 నుంచి ఉన్న బోస్‌కు? పసుపు నక్షత్రాలు కుట్టుకుని తిరిగిన యూదులను, ఆ ఏడాది చివర మొదలైన తరలింపులను ఆ నగరంలో ఉంటూ చూడలేదనడం కష్టం. హిట్లర్ జాత్యహంకారాన్ని భారతీయుల విషయంలో నిలదీసిన మనిషి యూదుల విషయంలో బహిరంగంగా మౌనం వహించాడు. నేతాజీ మీద గౌరవం ఉన్నవాడిగానే ఈ మాట రాస్తున్నాను. ఆ మౌనాన్ని ఒప్పుకోకుండా గలీషియావారిని దుయ్యబట్టే హక్కు నాకు లేదు. కాని తేడా కూడా చెప్పాలి: ఇండియన్ లీజియన్ సిపాయి ఊరి యూదులు మాయం కాలేదు, అతని ఊరి పక్క గ్రామాన్ని అతని తోటివారు తగలబెట్టలేదు. పోలిక నేతాజీని కొంచెం కిందికి దించుతుందే గాని డివిజన్‌ను పైకెత్తదు.

దేశంలో ఉన్న నాజీ యుద్ధనేరస్థుల సంగతి విచారించడానికి కెనడాలో 1985లో ఏర్పడిన డెషేన్ కమిషన్, డివిజన్ సభ్యత్వం ఒక్కటే శిక్షకు కారణం కాదని, సామూహికంగా నేరం మోపలేమని, దాని మీది యుద్ధనేరాల ఆరోపణలు రుజువు కాలేదని తేల్చింది. నేరం వ్యక్తిది కనుక మొదటి భాగాన్ని నేను ఒప్పుకుంటాను, పందొమ్మిదేళ్లకు చేరినవాడు చేరినందుకే హంతకుడు కాడు. కాని హూతా పెన్యాట్స్కా దర్యాప్తు చేసిన పోలండ్ సంస్థ అప్పటికి పుట్టనైనా లేదు. ‘రుజువు కాలేదు’ అన్న ఆనాటి మాటను నేటికీ తుది తీర్పుగా వల్లించడం సరికాదు. వల్లించి వల్లించి అలవాటైపోయిన ఫలితం 2023 సెప్టెంబరు 22న కనిపించింది. జెలెన్‌స్కీ వచ్చిన రోజున కెనడా పార్లమెంటులో 98 ఏళ్ల డివిజన్ మాజీ సైనికుణ్ణి, రష్యాతో పోరాడిన వీరుడంటూ స్పీకర్ పరిచయం చేయగా సభ్యులంతా లేచి చప్పట్లు కొట్టారు. రెండవ ప్రపంచయుద్ధంలో రష్యాతో పోరాడినవారు ఎవరి పక్షాన ఉంటారని ఆ సభలో ఒక్కరికీ తట్టలేదు! స్పీకర్ రాజీనామా చేశాడు, ప్రధాని క్షమాపణ చెప్పాడు. టొరంటో దగ్గరి ఓక్‌విల్ శ్మశానంలోని డివిజన్ స్మారకాన్ని 2024లో తొలగించారు. 2021లో కీవ్‌లో డివిజన్ వార్షికోత్సవ ఊరేగింపు జరిగినప్పుడు దాన్ని ఖండించినవాడు ఇదే జెలెన్‌స్కీ అన్న సంగతి ఆ గోలలో మరుగున పడింది.

డెషేన్ కమిషన్ నివేదిక రెండవ భాగం, అనుమానితుల పేర్లున్నది, ఇప్పటికీ తాళం వేసి ఉంది. దాన్ని విడుదల చేయాలన్న విజ్ఞప్తులు వచ్చినప్పుడు, 2024లో కెనడా జాతీయ గ్రంథాలయ, పురాలేఖన సంస్థ కుదరదని తేల్చింది. రష్యా దాన్ని ప్రచారానికి వాడుకుంటుందన్నది విడుదల వద్దన్నవారి వాదనల్లో ఒకటి. వాడుకుంటుంది, సందేహం లేదు. మూసి ఉంచినా వాడుకుంటోంది, అందులో లేని పేర్లతో కలిపి మరీ. ఆ జాబితాలోని వారు దాదాపు అందరూ ఈపాటికి చనిపోయి ఉంటారు, జైలుకు పంపడానికి ఎవరూ మిగలరు. డివిజన్‌లో చేరి ఏ గ్రామాన్నీ కాల్చని వేలమందికి తమ పేరు అందులో లేదని చూపించుకునే దారి కూడా ఆ తాళం వెనుకే ఉంది. కెనడా దాన్ని తెరవాలి.